బుడిపెలు ఎర్రగానే ఉన్నాయి

మన్ననూరు,
నవంబరు.

యశూ,

ఉత్తరం చూసి నవ్వుకుంటున్నావు కదూ? నవ్వుకో. ఇక్కడ ఫోను సిగ్నలు కావాలంటే శ్రీశైలం రోడ్డు దాకా నడవాలి. నడిచినా రెండు మాటలకే తెగిపోతుంది. పోస్టు డబ్బా మాత్రం మా గది ఎదురుగానే ఉంది. ఈ పంట అయ్యేదాకా మనకు ఇదే వాట్సాప్.

మన ప్రాజెక్టుకు చేను కౌలుకిచ్చిన రైతు పేరు సారయ్య. గది కూడా ఆయనదే. మొదటి రోజు నా పెట్టెలోంచి గోధుమరంగు సీసాలు తీస్తుంటే, "గండ్ల ఏముంది మేడం?" అన్నాడు. వెండి అని చెప్పాను. "వెండా! మా ఇంటామె కడియాలు అడుగుతుంటె లేవంటి. మీరు పల్లిచేనుకు తాపిస్తుండ్రా?" అని ఒకటే నవ్వు. వేపాకు కషాయంలో వెండి లవణం కలిపితే కంటికి ఆనని నానో కణాలు తయారవుతాయని, అవి పల్లి ఆకుల మీద మచ్చతెగులును చంపుతాయని చెప్పాను. సగం చేనుకు మందు కొడతామని, సగం ఊరికే వదిలేస్తామని అన్నాను. "గా సగం నా పేరు మీద రాసుకోండ్రి, ఎట్లైన ఊరికే ఉంటది" అన్నాడు.

యూరియా వెయ్యాలా అని అడిగితే ఖచ్చితంగా వద్దన్నాను. పల్లి తన ఎరువు తనే తయారు చేసుకుంటుంది కదా, పైనుంచి వేస్తే మన పరీక్ష పాడవుతుంది.

సాయంత్రమైతే చాలు, ఈ గది నన్ను మింగేసేలా ఉంటుంది. అమీర్‌పేటలో మీ అమ్మగారి కర్రీ పాయింటు ముందు నిలబడి, వచ్చే పోయే కోచింగు పిల్లల్ని చూస్తూ తిన్న పచ్చిపులుసు అన్నం గుర్తొస్తోంది. అమ్మగారికి నా నమస్కారాలు. పంజాగుట్ట ల్యాబులో నా బల్ల మీద ఎవర్నీ కూర్చోనివ్వకు.

నీ
మంజూష

*

అమీర్‌పేట,
నవంబరు చివర.

మంజూ,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "గా పిల్ల ఒక్కతే అడివిల ఏం తింటున్నదో" అని ఆ పూటంతా గొణుగుతూనే ఉంది. నీ బల్ల భద్రం. నీ మగ్గులో నేను పెన్నులు పెట్టుకున్నాను, అంతే.

అసలు విషయానికి వస్తాను. ఇది ఇంకెవరికీ చెప్పలేదు.

ల్యాబు మేడ మీది కుండీల్లో నేను పెసర వేశాను కదా. నిన్న వాటిని పీకి వేళ్లు కడిగాను. మందు కొట్టని మొక్కలకు వేళ్లనిండా బుడిపెలున్నాయి. బ్లేడుతో కోస్తే లోపల రక్తంలా ఎరుపు. అంటే లోపలి సూక్ష్మజీవులు బతికున్నాయి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఎరువుగా అందిస్తున్నాయి. మందు కొట్టిన మొక్కలకు ఆకులు ఎంత బాగున్నాయో చెప్పలేను, ఒక్క మచ్చ లేదు. వేళ్లు మాత్రం నున్నగా ఉన్నాయి. వెతగ్గా వెతగ్గా ఒకటో రెండో బుడిపెలు దొరికాయి. కోస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆకుల మీద కొట్టింది మట్టిలోకి కారుతోంది మంజూ. పైన తెగులును చంపే వెండి, కింద మొక్కకు అన్నం పెట్టే జీవుల్ని కూడా చంపుతోంది. ఇది నిజమైతే పల్లి, పెసర, కంది వేసే రైతు ఈ మందు కొట్టిన ప్రతిసారీ యూరియా కొనుక్కోవాలి. పైగా వెండి మట్టిలోంచి ఎక్కడికీ పోదు.

మన గైడు ఛాయాదేవి మేడమ్‌కు ఇంకా చెప్పలేదు. సనత్‌నగర్ కంపెనీవాళ్లు వచ్చే వానాకాలానికే ఈ మందును సీసాల్లో నింపి అమ్మాలని చూస్తున్నారు. వట్టి కుండీలను పట్టుకుని వెళ్లి మాట్లాడితే ఆమె నన్ను నిలబెట్టి కడిగేస్తారు. నీ చేను అసలైన చేను. రెండు సగాల్లోంచి నాలుగేసి మొక్కలు పీకి చూడు. నువ్వు ఏం చూశావో రాయి, నేను దాన్నే నమ్ముతాను.

తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు, మా కర్రీ పాయింటు వెనక బల్ల మీద కూర్చోబెట్టి ఇంగ్లీషు పేపర్లు ఒక్కో వాక్యం విడదీసి చెప్పినదానివి నువ్వు. సైన్సులో నాకు తప్పొప్పులు తెలిశాయంటే నీ వల్లనే. అందుకే ముందు నీకు రాస్తున్నాను.

నీ
యశు

*

మన్ననూరు,
డిసెంబరు.

యశూ,

ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. రెండోసారి మందు కొట్టే పనిలో పడ్డాను.

నువ్వు చెప్పినట్టే మొక్కలు పీకాను. నాలుగు కాదు, చాలానే పీకాను. రెండు వైపులా వేళ్లనిండా బుడిపెలున్నాయి. కోసి చూశాను. ఎర్రగానే ఉన్నాయి. కొట్టిన వైపూ ఎరుపే, కొట్టని వైపూ ఎరుపే.

కుండీల మట్టిని నువ్వు మరీ ఎక్కువసేపు ఆవిరి పట్టి ఉంటావు. దాంతో అందులో ఉండాల్సిన జీవులు కూడా చచ్చిపోయి ఉంటాయి. లేదంటే విత్తనానికి ఆ జీవుల కల్చరు పట్టించేటప్పుడు ఒక వరస మరిచిపోయి ఉంటావు. ఇంకో మాట, కోపం తెచ్చుకోనంటేనే చెబుతాను. రంగుల దగ్గర నీ చూపు ఎప్పుడూ కాస్త అటూఇటే. ఎం.ఎస్సీ.లో టైట్రేషన్ చేసేటప్పుడు ద్రావణంలో ఆ గులాబీరంగు ఎక్కడ మొదలవుతుందో నీకు ఏనాడైనా పట్టుబడిందా? ప్రతిసారీ ఒక చుక్క ఎక్కువే వేసేదానివి.

మేడమ్‌కు ఇప్పుడే చెప్పకు. ఇంకోసారి మొదటినుంచి చేసి చూడు. తొందరపడి మాట బయటపెడితే, తర్వాత తప్పని తేలితే, నీ థీసిస్ మొత్తాన్నే అనుమానిస్తారు. నీ మంచికే చెబుతున్నాను.

చలి బాగా ఉంది. సారయ్య వాళ్లావిడ రాత్రిళ్లు జొన్న గటక పెడుతోంది.

నీ
మంజూష

*

అమీర్‌పేట,
జనవరి.

మంజూ,

మొదటినుంచి చేశాను. మట్టి కొత్తది తెప్పించాను. విత్తనానికి కల్చరు నా చేత్తోనే, ఒక్కో గింజా లెక్కపెట్టినట్టు పట్టించాను. పండక్కి కూడా ల్యాబులోనే ఉన్నాను.

మళ్లీ అదే. మందు పడిన వేళ్లు ఖాళీగానే ఉన్నాయి.

నిజం చెప్పనా? ఈసారి వేళ్లు కడిగేటప్పుడు బుడిపెలు ఉండాలని మొక్కుకున్నాను. నా మాట తప్పు, నీ మాట నిజం అయితే బాగుండుననిపించింది. మనిద్దరం ఒకే మందు కొట్టాం, ఒకే జాతి పంటల మీద కొట్టాం. నీకు ఉన్నవి నాకు లేవంటే లోపం ఎక్కడో నా దగ్గరే ఉండాలి.

మొన్న మేడమ్ పిలిచారు. నేను నోరు తెరవకముందే ఆమె అందుకున్నారు. "ఏంటమ్మా, వేళ్లూ బుడిపెలూ అని ఏదో పెట్టుకున్నావట? మంజూష చేలో అంతా బాగానే ఉందంటోంది కదా. నీ కుండీలకే ఏమొచ్చింది? చేతికి శుభ్రం ఉండాలి. ఆకుల లెక్కలు ఇచ్చెయ్, చాలు."

ఆమెకు ఎలా తెలిసింది మంజూ? నన్నేమో ఆమెకు చెప్పొద్దన్నావు. నువ్వు చెప్పావా? నా కోసం ముందుగా మాట వేసి ఉంటావులే, నాకు దెబ్బ తగలకూడదని. అలాగే అనుకుంటున్నాను.

అమ్మ ఏదో పసిగట్టింది. కూరలు కట్టే కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ అడిగింది: "ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" చెప్పాను. "నీ కండ్లతోని జూసినవా?" అంది. చూశానన్నాను. "మరింక గా పిల్లనెందుకు అడుగుతున్నవ్?" అంది. తను చదువుకోలేదు, పరిశోధన అంటే ఇలా ఒకర్నొకరు సరిచూసుకోవడమేనని ఎలా చెప్పను?

ఒక ఆదివారం బస్సెక్కి వచ్చేయనా? నీ చేలో, నీ పక్కన కూర్చుని ఒక్క వేరు చూస్తే నాకు మనసు కుదుటపడుతుంది.

యశు

*

మన్ననూరు,
జనవరి చివర.

యశూ,

ఇప్పుడు రావద్దు. కంపెనీవాళ్లు వచ్చిపోతున్నారు, నీతో కూర్చునే తీరిక నాకుండదు. వచ్చినా ఉండడానికి చోటు లేదు.

ఆ వేళ్ల సంగతి వదిలెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి? ఆ అధ్యాయం లేకపోయినా నీ థీసిస్ నిలుస్తుంది. మేడమ్ అడిగిన ఆకుల లెక్కలు పంపించు. మీ అమ్మగారు ఎన్నాళ్లని పొయ్యి దగ్గర నిలబడతారు? డిగ్రీ తెచ్చుకుని ఉద్యోగం చూసుకో.

మంజూష

*

అమీర్‌పేట,
ఫిబ్రవరి.

మంజూ,

నీ మాట విన్నాను. వేళ్ల అధ్యాయం తీసేశాను. ఆకుల లెక్కలు, ఫొటోలు అన్నీ మేడమ్‌కు ఇచ్చేశాను. ఆమె చాలా రోజుల తర్వాత నన్ను చూసి నవ్వారు. ఇంటికొచ్చి మూడు నెలల్లో మొదటిసారి కడుపునిండా తిన్నాను. నువ్వు గట్టిగా చెప్పి ఉండకపోతే ఇంకా ఆ కుండీల చుట్టే తిరుగుతుండేదాన్ని.

నిన్న పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర మీ నాన్నగారు కలిశారు. చేతిలో కూరగాయల సంచి. నన్ను ఆపి మరీ పలకరించారు.

"ఏమ్మా యశస్వినీ, బొత్తిగా నల్లపూసవైపోయావేంటి! మా అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్లో నీ గురించి చెబుతూనే ఉంటుంది."

రోజూనా అండీ అన్నాను. "ఆఁ, రోజూ! ఒక్క పూట చెయ్యకపోతే వాళ్లమ్మ ఊరుకుంటుందా? ఇంకేంటి, కంపెనీలో ఉద్యోగం కూడా ఖాయమైంది. పంట పరీక్షలన్నిటికీ ఇకమీదట తనే పెద్ద. నీకు చెప్పే ఉంటుందిగా?"

చెప్పిందండీ అన్నాను. ఆయన మొహం చిన్నబోవడం నాకు ఇష్టం లేదు.

సిగ్నలు బాగుపడిందన్నమాట. మంచిదే. ఉద్యోగం సంగతి నాకెందుకు రాయలేదో అడగను. చేతికి కాగితం వచ్చాక చెబుదామనుకుని ఉంటావు. కాస్త చిన్నబుచ్చుకున్న మాట నిజం. కానీ రాత్రంతా ఆలోచిస్తే సంతోషమే మిగిలింది. అమ్మ నీకోసం కోడి పచ్చడి పెట్టింది. ఈ శనివారం తెస్తున్నాను. రావద్దని రాసే టైము కూడా నీకివ్వను.

నీ యశు

*

మన్ననూరు,
ఫిబ్రవరి, శనివారం.

మంజూషా,

ఇది నీ గదిలో, నీ బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు నిన్ననే హైదరాబాదు వెళ్లావట. నేను ఎక్కిన బస్సుకు నీ బస్సు ఎదురొచ్చి ఉండదు, ఒక పూట తేడా. సారయ్య తాళం తీసి కూర్చోబెట్టాడు. ఆయన భార్య చాయ్ ఇచ్చింది.

నీకోసం వచ్చిన మనిషిని కదా అని నన్ను చేనుకు తీసుకెళ్లాడు. పచ్చగా, నిండుగా ఉంది. మందు కొట్టిన సగం ఇంకా పచ్చగా ఉంది. నేను మురిసిపోయాను. ఆయనే అన్నాడు: "గా దిక్కు యూరియా గుంజింది గదా, పచ్చగ ఉండక ఏమైతది."

యూరియా ఎందుకు వేశారని అడిగాను.

"మేడమే ఏయమన్నది. ఎండకు గాదు, మందు కొట్టిన నెలకే గా దిక్కు ఆకు పసుపుపచ్చగ అయింది. ఫొటోలు దీస్కపోనీకి సార్లు వస్తరు, జర పచ్చగ కనవడాలె సారయ్యా అన్నది. ముందుగాల వద్దన్నది, మల్ల తనే తెప్పించింది."

వేళ్లు చూడలేదా మీ మేడం అన్నాను.

"సూడకేంది? నా ముంగటనే కూసోని పీకింది. ఒక్క బుడిపె లేదు గదా సారయ్యా అన్నది. శానసేపు గట్లనే కూసున్నది చేన్ల. పాణం బాగలేదేమో అనుకున్న."

నవంబరు చివర అట. అంటే నా ఉత్తరం నీకు అందేనాటికే నువ్వు చూశావు. చూసి, తర్వాత కలం తీసుకుని ఎర్రగానే ఉన్నాయని రాశావు.

నేనూ కూర్చుని పీకాను. కొట్టని సగంలో వేరు నిండా ఉన్నాయి. కొట్టిన సగంలో నున్నగా ఉంది. వరసలు మారుస్తూ చివరిదాకా పీకాను. సారయ్య వారించలేదు, నా మొహం చూసి పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

నీకు రాయని సంగతి ఒకటుంది. నీ డిసెంబరు ఉత్తరం వచ్చాక నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు, అమ్మకు కూడా. రంగుచుక్కల మధ్య అంకెలుండే పుస్తకం నా ముందు పెట్టారు. అన్నీ చదివాను. "కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, ఎందుకొచ్చావు?" అన్నారాయన. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కళ్లు బాగుంటే మరి చెడిపోయింది నా బుర్రేనని. ఆ తర్వాత ల్యాబులో బుడిపె కోసిన ప్రతిసారీ పక్కవాళ్లను పిలిచి, ఇది ఏ రంగు, చెప్పండి అని అడిగేదాన్ని. వాళ్లు తెలుపంటే, నాకోసం అలా అంటున్నారేమో అనుకునేదాన్ని. ఎందుకంటే నువ్వు ఎరుపన్నావు.

పచ్చడి సీసా సారయ్య భార్యకిచ్చాను.

మార్చిలో నా ఓపెన్ సెమినార్ ఉంది. తీసేసిన అధ్యాయం మళ్లీ పెడుతున్నాను. నీ చేలో నువ్వు చూసింది చూసినట్టు రాసి, సంతకం పెట్టి పంపించు. నిన్ను ఇంకేమీ అడగను.

యశస్విని

*

పంజాగుట్ట,
ఫిబ్రవరి చివర.

యశూ,

నా గదిలోకి నేను లేనప్పుడు వెళ్లి, నా చేలో మొక్కలు పీకావు. నేను నీ కుండీల జోలికి ఏనాడైనా వచ్చానా? ముందు ఈ మాటకు జవాబు చెప్పు.

సరే. చూశాను. లేవు. ఇప్పుడేంటి?

ఆ రోజు చేలోంచి లేచి రోడ్డు దాకా నడిచి ముందు మేడమ్‌కే ఫోన్ చేశాను. "ఒక్క చేను చూసి మూడేళ్ల పనిని కాలదన్నుతావా? నీ పేరుతో కంపెనీ ఉద్యోగం కాగితం నా బల్ల మీదే ఉంది, ఆలోచించుకో" అన్నారు. తర్వాత నీ ఉత్తరం వచ్చింది. నీకు అవునని రాసి ఉంటే నువ్వు ఆగేదానివి కాదు. నాకు తెలుసు నీ సంగతి. నేరుగా వెళ్లి బల్ల గుద్ది చెప్పేదానివి. మేడమ్ మనిద్దర్నీ బయటికి పంపేసేవారు. ఎవరో ఒకరం ఒడ్డున పడితే రెండోవాళ్లకు చెయ్యి అందించవచ్చని అనుకున్నాను. నీకోసం కూడా అడుగుదామనే అనుకున్నాను, దేవుడి మీద ఒట్టు.

మందు మోతాదు తర్వాత తగ్గించుకోవచ్చు. పప్పుపంటలకు వద్దని తర్వాత చెప్పుకోవచ్చు. ముందు మందు బయటికి రానీ. నాన్నకు ఉద్యోగం పోయి ఏడాదైంది, ఆయన ఎవరికీ చెప్పరు. కూరగాయల సంచి పట్టుకుని రోజంతా అలా తిరుగుతారు. నీకు అమ్మ ఉంది, ఆవిడ కొట్టు ఉంది. నీకు పడిపోయినా లేచే చోటుంది. నాకు లేదు.

సంతకం పెట్టలేను. సెమినార్‌లో ఆ మాట ఎత్తకు యశూ. ఎత్తితే నేను ఏం చెప్పాల్సి వస్తుందో నీకు తెలుసు. నా చేత ఆ పని చేయించకు.

మంజు

*

అమీర్‌పేట,
ఏప్రిల్.

మంజూషా,

రాయకూడదనుకున్నాను. కానీ సెమినార్ సగంలో నువ్వు లేచి వెళ్లిపోయావు. తర్వాత జరిగింది నీకు ఎవరో మసాలా వేసి చెప్పే ఉంటారు. నా నోట విను.

నేను ఆ శనివారం నీ చేలోంచి తెచ్చుకున్న రెండు మొక్కలు రెండు చేతుల్లో పట్టుకుని నిలబడినప్పుడు నువ్వు మూడో వరసలో ఉన్నావు. మేడమ్ నీవైపు తిరిగి, "నీ చేను గురించి నువ్వే చెప్పు మంజూషా" అన్నారు. నువ్వు లేచావు. ఒక్క క్షణం నాకు ఆశ పుట్టింది. నువ్వు చెబుతావనే అనుకున్నాను. నమ్మడం అలవాటైన బుద్ధి అంత తొందరగా పోదు.

"మా చేలో బుడిపెలన్నీ ఎర్రగానే ఉన్నాయండీ. ఆ మొక్కలు మా చేనువే అనడానికి ఏంటి ఆధారం? ఆవిడకు మొదటినుంచీ ఈ విషయంలో కాస్త అనుమానం జబ్బు ఉంది."

ఆవిడ. ఆరేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాక నేను ఆవిడనయ్యాను. నా రెండు మొక్కల్నీ బల్ల మీద పెట్టేశాను.

నువ్వు వెళ్లిపోయాక, బయటినుంచి పరీక్షకుడిగా వచ్చిన రాఘవేందర్ సార్ లేచారు. "చేను చూసొద్దాం, దూరమెంత?" అన్నారు. చేను దున్నేశారని మేడమ్ చెప్పారు. పంట తీసిన మర్నాడే దున్నించావట. సారయ్యను పిలిపిద్దామా అని సార్ నన్ను అడిగారు. వద్దన్నాను. కంపెనీ ఈ ఏడు కూడా ఆయన చేనునే తీసుకుంటానందట. నా నిజం కోసం ఆయన పొట్ట కొట్టలేను.

సార్ కాసేపు ఆ మొక్కల వంక చూసి అన్నారు: "ఎవరు నిజమో, ఎవరు అబద్ధమో నేను చెప్పలేనమ్మా. మొక్కనే అడుగుదాం. వానాకాలం నా చేను ఇస్త. పల్లి, పెసర, కంది మూడూ ఏద్దాం. ఏ సగానికి మందు కొట్టింది నీకు సుత తెల్వకుంట చేద్దాం. ఒప్పుకుంటవా?"

ఒప్పుకున్నాను. మేడమ్ ఆ సాయంత్రమే నాకు గైడుగా ఉండనని రాసిచ్చారు. నా ఫెలోషిప్ ఆగిపోయింది. ఇప్పుడు పొద్దున అమ్మతో కూరలు తరిగి, మధ్యాహ్నం ట్యూషన్లు చెబుతున్నాను. పడిపోయినా లేచే చోటు ఉందన్నావు కదా. పొయ్యి దగ్గర నిలబడి అమ్మ నాకు ఇచ్చిన చోటు ఇదే.

మీ నాన్నగారి సంగతి తెలియదు. తెలిసి ఉంటే ఆ రోజు మెట్రో దగ్గర ఆయన్ని ఇంటికి తీసుకెళ్లేదాన్ని. నువ్వు నాకు అది కూడా చెప్పలేదు.

యశస్విని

*

సనత్‌నగర్,
డిసెంబరు.

డియర్ యశూ,

కొత్త ఆఫీసునుంచి మొదటి ఉత్తరం నీకే రాస్తున్నాను. కిటికీలోంచి చూస్తే అన్నీ రేకుల షెడ్లే, అయినా గది నాదే.

రాఘవేందర్ గారి చేను ఫలితాలు కంపెనీకి వచ్చాయి. మూడు పంటల్లోనూ నువ్వు చెప్పిందే తేలింది. నేను వెంటనే మేనేజ్‌మెంట్‌తో కూర్చుని మాట్లాడాను. ఇకనుంచి ప్రతి సీసా మీద 'పల్లి, పెసర, కంది వంటి పంటలకు వాడరాదు' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. పోయిన వారం పంజాగుట్టలో డీలర్ల మీటింగులో ఆ సంగతి నేనే ప్రకటించాను. నువ్వు వెనక వరసలో ఉన్నావని తర్వాత ఎవరో చెప్పారు. మా పరిశోధనలో తేలింది అన్నానని బాధపడ్డావేమో. అక్కడ అలాగే అనాలి, కంపెనీ మాట కదా. 'మా'లో నువ్వూ ఉన్నావనుకో.

చూశావా, చివరికి అంతా మంచికే జరిగింది. రైతుకు నష్టం లేదు, నీ మాట నిలబడింది. ఆ రోజు సెమినార్‌లో అన్న మాటలు మనసులో పెట్టుకోకు. ఎవరి పరిస్థితులు వాళ్లవి.

ఒక సంతోషమైన వార్త. వేళ్లను పరీక్షించడానికి ఇక్కడ ఒక మనిషి కావాలి. నీ పేరు నేనే చెప్పాను. జీతం బాగుంటుంది. మళ్లీ ఒకే బల్ల మీద కూర్చోవచ్చు. సంక్రాంతి లోపు చెబితే చాలు. ఒక ఆదివారం ఇంటికి వస్తాను, అమ్మగారి చేతి అన్నం తిని ఎన్నాళ్లైందో.

నీ
మంజూష

*

అమీర్‌పేట,
డిసెంబరు.

మంజూషా,

ఉత్తరం అందింది.

డీలర్ల మీటింగుకు నేను వచ్చిన మాట నిజమే. రాఘవేందర్ సార్‌తో వచ్చాను. నువ్వు 'మా పరిశోధన' అన్నప్పుడు ఆయన నా వైపు వంగి, "లేచి చెప్పవేందమ్మా? అది నీ పని గదా" అన్నారు. నేను లేవలేదు. సీసా మీద ఆ మాట పడింది, చేలో మందు పడదు. నాకు కావలసిందీ అదే. దాన్ని క్షమ అనుకుంటావేమోనని ఇప్పుడు రాస్తున్నాను. అది క్షమ కాదు. ఆ హాల్లో అంతమంది డీలర్ల ముందు మనిద్దరి తగువు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

సార్ నాకు గైడుగా ఉంటానన్నారు, థీసిస్ ఆయనకే ఇచ్చేశాను. ఫెలోషిప్ మళ్లీ వచ్చింది. సార్ చేలోనే వచ్చే ఏడుకు కూడా పని ఉంది: ఒకసారి వెండి పడిన మట్టిలో ఆ జీవులు మళ్లీ ఎప్పటికి బతుకుతాయో చూడాలి. ఎన్నేళ్లు పడుతుందో ఎవరికీ తెలియదు.

నువ్వు ఉద్యోగం కోసం అబద్ధం చెప్పావు. నాన్నగారి సంగతి విన్నాక అది నాకు అర్థమైంది కూడా. లోకంలో చాలామంది చెబుతారు. మేడమ్ కూడా చెప్పారు, ఆమె మీద నాకు అంత కోపం లేదు. ఆమె మాటను నేను ఏనాడూ నా కళ్లకంటే ఎక్కువ నమ్మలేదు. నీ మాటను నమ్మాను. అది తెలిసే నువ్వు రాశావు. నాకు ఏది చెబితే ఎక్కడ తగులుతుందో వెతికి, ఎం.ఎస్సీ. నాటి గులాబీరంగు దాకా వెనక్కి వెళ్లి మరీ రాశావు. ఆ ఒక్క వాక్యం రాసేటప్పుడు మేడమ్ నీ పక్కన లేరు. కంపెనీ లేదు. నువ్వు ఒక్కదానివే ఉన్నావు.

ఉద్యోగానికి రాను.

ఇది రాస్తుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొట్టు ఇప్పుడే కట్టేసింది, చేతులకు ఇంకా పసుపు వాసన పోలేదు. "ఎవరికే?" అంది. చెప్పాను.

"ఇంటికొస్త అన్నదా?"

"అన్నది."

కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "మరి వస్తే అన్నం పెట్టాల్నా, వద్దా?"

"ఆకలితోని వస్తే పెట్టమ్మా," అన్నాను. "నన్ను మాత్రం పిలవకు."

యశస్విని